నలభయ్యో ముక్క

ఆ మంగళవారం పొద్దున మెఫద్దల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. గడ్డం గీసుకోవాలి. ఉతికిన తెల్ల జెల్లాబా తొడుక్కోవాలి. సందు చివరి కొట్లో నీలం కాగితం చుట్టిన చక్కెర దిమ్మలు రెండు కొనుక్కుని, పేక పరిచి జోస్యం చెప్పే లల్లా షామా ఇంటికి వెళ్ళి, ఒక్క పేకముక్క అడిగి తెచ్చుకోవాలి. మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉండాలి. ఇందులో అతనికి ఎక్కడా ప్రమాదం కనపడలేదు. కళ్ళద్దాల కొట్టు నడిపేవాడు కదా, తన చూపు మీద నమ్మకం ఎక్కువ.

మెఫద్దల్‌కి పేక పిచ్చి. ఆడే పిచ్చి కాదు, చూసే పిచ్చి. కాఫీ హోటల్లో ఎవరైనా రోందా ఆడుతూ ముక్కను బల్ల మీద ఫెడేల్‌మని కొడితే, ఆ దెబ్బ తనకే తగిలినట్టు మొహం తిప్పుకుంటాడు. ఇంట్లో రేకు డబ్బాల నిండా పాత పేకలున్నాయి కాని, అతని ప్రాణమంతా ఒక్క దాని మీదే. ఎప్పుడో తాతల కాలంలో కాదిస్ ఊళ్ళో చెక్క అచ్చుతో అద్ది, చేత్తో రంగులు పూసిన పేక అది. అతని ఊరు తెతువాన్‌లో ఆడే పేకలో ఆఠీన్లూ ఇస్పేట్లూ ఉండవు. నాణేలు, గిన్నెలు, కత్తులు, దుడ్డుకర్రలు, అన్నీ కలిపి నలభై ముక్కలు. మెఫద్దల్ దగ్గర ముప్ఫై తొమ్మిదే ఉన్నాయి. లేనిది గిన్నెల జాతిలో సోతా, అంటే చేత గిన్నె పట్టుకుని నిలబడ్డ పడుచు పిల్ల బొమ్మ. గీసినవాడు కుర్రాణ్ణే గీశాడని పుస్తకాలు చదివినవాళ్ళు అంటారు. ఈ ఊళ్ళో ఎవరినడిగినా పిల్లే అంటారు.

ఆ పిల్ల కోసం అతను పదకొండేళ్ళు సబ్తా సంతలూ, తంజా పాతసామాన్ల కొట్లూ గాలించాడు. నలభై ముక్కలూ ఒక్కసారి పక్కపక్కన పరుచుకుని చూడాలి, అంతకుమించి అతనికి ఈ జన్మలో కోరికే లేదు. ఇరవై రెండేళ్ళ కాపురంలో అతని భార్య బతూల్ ఆ పేకకు “నా సవతి” అని పేరు పెట్టింది. అప్పట్లో అది వేళాకోళమే.

పోయిన శనివారం షామా కొత్త కళ్ళద్దాల కోసం కొట్టుకు వచ్చింది. అయూన్ పేటలో షామాను ఎరగనివాళ్ళు లేరు, ఆమె గుమ్మం తొక్కామని ఒప్పుకునేవాళ్ళూ లేరు. అద్దాలు పెట్టుకుని, సరిగ్గా కనబడుతున్నాయో లేదో చూసుకోవడానికి ఆమె చేతిసంచిలోంచి ఒక పాత పేకముక్క తీసి కళ్ళకెదురుగా పట్టుకుంది. మెఫద్దల్ చేతిలో ఉన్న తుడిచే గుడ్డ జారి కింద పడింది. గిన్నె పట్టుకున్న పిల్ల! అదే అట్ట, అదే నీలం!

“లల్లా, ఇది... ఇది మీకెక్కడిది?”

“మా నాయనమ్మది. ఈ ఒక్కటే మిగిలింది. అద్దాలు బాగున్నాయి నాయనా. మంగళవారం ఇంటికి రా, తీరిగ్గా మాట్లాడుకుందాం.”

అంతే, అప్పటినుంచి అతనికి తిండి సయించలేదు.

“సబ్తా నుంచి అద్దాలు వస్తున్నాయి, దించుకోవాలి,” అన్నాడు మంగళవారం పొద్దున బతూల్‌తో. భార్యకు నిజం చెప్పవచ్చు కాని, జోస్యం చెప్పే ఆవిడ ఇంటికి పేకముక్క కోసం వెళ్తున్నానని ఏ మొహం పెట్టుకుని చెప్తాడు?

“అద్దాలు దించుకోవడానికి తెల్ల జెల్లాబా ఎందుకూ?”

“రోజూ వేసుకునేది ఉతుకులో పడేశాను.”

“అది మీ వెనకే కొక్కేనికి వేలాడుతోంది!”

అప్పటికే అతను మెట్లు దిగిపోయాడు.

పెద్దావిడ ఇంటికి మొదటిసారి వట్టి చేతులతో వెళ్ళకూడదు కాబట్టి చక్కెర కొన్నాడు. మర్యాదకు మర్యాద అయింది. కాని పొద్దున్నే నున్నగా గడ్డం గీసుకుని, తెల్లబట్టలు కట్టుకుని, చక్కెర దిమ్మలు చంకన పెట్టుకుని వెళ్ళే మగవాడు ఈ ఊళ్ళో ఒక్క పనికే వెళ్తాడు, పిల్లనడగడానికి. మెఫద్దల్‌కి ఇది తెలియక కాదు. ఒకప్పుడు తనూ సరిగ్గా ఇలాగే బతూల్ వాళ్ళింటికి వెళ్ళాడు. తన వయసులో, తన పొట్టతో ఉన్న మనిషిని చూసి కూడా జనం అలా అనుకుంటారని తట్టలేదు, అంతే.

పేటంతటికీ రొట్టెలు కాల్చే పొయ్యి హమ్మాదీది. ప్రతి ఇంటి పిండీ అక్కడికే వస్తుంది, ప్రతి ఇంటి కబురూ అక్కడినుంచే బయల్దేరుతుంది.

“సీ మెఫద్దల్!” అని మర్యాదగానే పిలిచాడు. “ఎవరింటికా చక్కెర?”

“పని మీద వెళ్తున్నానయ్యా.”

“ఎవరైనా పని మీదే వెళ్తారు. పిల్లది ఏ పేట?”

“పిల్లా లేదు, పేటా లేదు. నీ రొట్టెలు చూసుకో.”

“చూసుకుంటాలెండి. కొడుక్కేమో అనుకున్నా. మీకు కొడుకులు లేరు కదా!” అన్నాడు హమ్మాదీ. తరువాత మెడ బయటికి పెట్టి, ఆ తెల్ల జెల్లాబా షామా ఉండే సందులోకి తిరగడం కళ్ళారా చూశాడు.

షామా ఇల్లు మెఫద్దల్ ఊహించినట్టు చీకటి కొట్టులా లేదు. తెల్లగా సున్నం వేసి, టీవీ మీద అల్లిక గుడ్డ కప్పి, మెత్తటి దిండ్లతో తన ఇంటికన్నా బాగుంది. పుదీనా టీ పోసి, ముక్క తీసి పళ్ళెంలో పెట్టింది.

“ఊరికే పట్టుకుపో నాయనా. ఒక్కదానితో నేనేం చేసుకుంటాను? దీని తోబుట్టువులు నీ దగ్గరున్నాయంటున్నావుగా.”

“ముప్ఫై తొమ్మిదీ ఉన్నాయి లల్లా. ఒక్కదానికీ మూల మడత లేదు!”

“అబ్బ! అంత భద్రంగా ఎక్కడ దాచావు?”

“బీరువా పై అరలో. మా ఆవిడ పెళ్ళి దుప్పట్ల కింద.”

“ఆవిడకి ఇష్టమేనా?”

“పేకంటే ఆవిడకి ఒళ్ళు మంట.”

“పాపం,” అంది షామా. ఎవరిని గురించి అందో అతను ఆలోచించలేదు. ఆనందంలో ఉన్నాడు.

ఆమె ఆ ముక్కను ఒక చిన్న ఎర్రగుడ్డ సంచిలో పెట్టింది. చిమ్మటలు పట్టకుండా చిటికెడు నల్లజీలకర్ర వేసింది. ఎర్రదారంతో మూతి బిగించి వరసగా ముడులు వేసింది. “ఎడమ జేబులో పెట్టుకో. కుడి జేబులో తాళాలుంటాయి, గీసుకుపోతుంది.” అదీ నిజమే అనిపించింది. వెళ్ళేముందు, మర్యాద గల అతిథికి చేసినట్టే, భుజాల మీద నారింజపూల నీళ్ళు చిలకరించి, జెల్లాబాకు అగరు పొగ పట్టించింది. పెళ్ళికొడుకు వాసనతో మెఫద్దల్ వీధిలోకి వచ్చాడు. కొట్టు తెరవాలన్న సంగతే మరిచిపోయి, జేబు మీద చెయ్యి వేసుకుని కాసేపు ఫెద్దాన్ మైదానంలో తిరిగాడు.

ఈలోపు ఆడవాళ్ళు కాలిన రొట్టెలు తీసుకుపోవడానికి పొయ్యి దగ్గరికి వచ్చారు. మొదటి పళ్ళెంతో చక్కెర కొన్న వార్త వెళ్ళింది. తరువాతి పళ్ళేలతో షామా ఇల్లు, ఆపైన షామా కుదిర్చిన పిల్ల వెళ్ళాయి. బతూల్ పళ్ళెం అన్నిటికన్నా ఆఖర్న వచ్చింది కాబట్టి, ఆమెకు పెళ్ళి రోజు కూడా తెలిసింది.

మెఫద్దల్ ఇంటికి చేరేసరికి అత్తగారు లల్లా రహిమో గుమ్మంలోనే కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆమె మంగళవారాలు ఎప్పుడూ రాదు.

“అద్దాలు దిగాయా అల్లుడూ?”

“ఆఁ, దిగాయత్తా.”

“నారింజపూల అద్దాలా?” అంది ఆమె, గాలి గట్టిగా పీలుస్తూ.

బతూల్ వెనకనుంచి వచ్చింది. ఏమీ అడగలేదు. తిన్నగా అతని ఎడమ జేబులో చెయ్యి పెట్టింది. ఎర్ర సంచి బయటికి వచ్చింది. ముడులు తెగాయి. నల్లజీలకర్ర నేల మీద రాలింది. చివరికి గిన్నె పట్టుకున్న పిల్ల అందరి మొహాల్లోకి చూస్తూ బయటపడింది.

“మరుగుమందు!” అని అరిచింది అత్తగారు, కుర్చీలోంచి లేచి గోడకు అంటుకుపోతూ. “దాన్ని ముట్టుకోకే! ముడులెన్ని?”

“ఏడు,” అంది బతూల్, పాలిపోయిన మొహంతో.

“చిమ్మటలు పట్టకుండా కట్టింది!” అన్నాడు మెఫద్దల్.

“చిమ్మటకి ఏడు ముడులా?”

ఏడు ముడులెందుకన్న ప్రశ్న అతనికి ఇప్పుడే తోచింది.

అయినా తను తప్పు చేయలేదు కదా, విడమరచి చెప్తే అర్థం చేసుకుంటుందనుకున్నాడు. ముక్కను వెలుతురులోకి పట్టుకున్నాడు. “ఇటు చూడు బతూల్. చుట్టూ ఉన్న ఈ గీత పైన ఒకచోట తెగింది చూశావా? గిన్నెల జాతికి ఒక్క తెగు. నాణేలకి తెగు ఉండదు, కత్తులకి రెండు, కర్రలకి మూడు. ముక్కలన్నీ విప్పి చూడక్కర్లేదు, అంచు కనబడితే చాలు ఏ జాతో తెలిసిపోతుంది. ఎంత తెలివో చూడు! ఈ పాదం చూడు, ఎంత వయ్యారంగా పక్కకి పెట్టిందో. రంగు పూసినవాడి చెయ్యి జారి నీలం బట్ట దాటి గాల్లోకి వచ్చేసింది. ఆ పొరపాటులోనే ఉంది అందమంతా. ఇక కళ్ళు... వట్టి రెండు చుక్కలు! రెండు చుక్కల్లో ఇంత చూపు ఎవడు పెట్టగలడు చెప్పు?”

బతూల్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“ఇరవై రెండేళ్ళు,” అంది. “ఇన్నేళ్ళలో నా కళ్ళ గురించి ఒక్క మాటన్నారా? పొద్దస్తమానం కళ్ళు చూసి బతికే మనిషే కదా మీరు!”

మెఫద్దల్ నిర్ఘాంతపోయాడు. అన్నాడేమోనని మనసులో వెనక్కి వెనక్కి పోయి వెతుక్కున్నాడు. ఒక్కటీ దొరకలేదు. సిగ్గుతో తల వంచుకున్నాడు. తల వంచుకోవడం చూసి, నేరం ఒప్పుకున్నాడని అత్తగారు నిర్ధారించుకుంది.

మర్నాడు మధ్యాహ్నం కొట్టు మళ్ళీ తెరిచాడో లేదో, వడ్రంగి అల్లాల్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. అతని చెల్లెలు సఫియా భర్త పోయి అన్న ఇంట్లోనే ఉంటోంది.

“మా చెల్లెలు ఈ మధ్య మూడుసార్లు మీ దగ్గర అద్దాలు మార్పించుకుంది,” అన్నాడు గంభీరంగా. “మేమేం గుడ్డివాళ్ళం కాదు సీ మెఫద్దల్.”

“ఆవిడకి ముక్కు మీద నిలవట్లేదని మార్చాను!”

“సరే, అలాగే అందాం. కాని చక్కెర మా ఇంటికి రావాలి గాని షామా ఇంటికెందుకు వెళ్ళింది? మధ్యలో మంత్రాలెందుకండీ మనకి? సూటిగా అడిగితే కాదంటామా? మా అమ్మ ఒప్పుకుంది. శుక్రవారం నమాజు అయ్యాక రండి. మంచం నేనే చేస్తాను, దేవదారుతో.”

“అల్లాల్! నాకు పెళ్ళయింది!”

“తెలుసు. బతూల్ గారి ఒప్పుదల కావాలి కదా. అది మీరు చూసుకోండి, మంచం నేను చూసుకుంటా.” అని, వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి వెనక్కి తిరిగి మెఫద్దల్ పొడుగు ఎంతో కంటితో కొలిచాడు.

మెఫద్దల్ కొట్టు తలుపు వేసి ఇంటికి పరుగెత్తాడు. అల్లాల్ మాట ఇంకెవరి నోటినుంచో బతూల్ చెవిన పడకముందే చెప్పుకోవాలని అతని తాపత్రయం. ఇంట్లోకి అడుగుపెట్టగానే దిష్టి తీసి కాల్చిన పటిక వాసన గుప్పుమంది. తల్లీకూతుళ్ళు తీరిగ్గా టీ తాగుతున్నారు. వాళ్ళ వెనక బీరువా బార్లా తెరిచి ఉంది. పెళ్ళి దుప్పట్లు నేల మీద ఉన్నాయి. పై అర ఖాళీగా ఉంది.

“నా పేక ఏది?”

“పోయింది,” అంది బతూల్ ప్రశాంతంగా.

“పోవడమేంటి? ఎక్కడికి?”

“ముడి వేసిన చేత్తోనే విప్పించాలని ఆ ముక్క పట్టుకుని షామా దగ్గరికే వెళ్ళాం,” అంది అత్తగారు. “చాలా నిజాయితీ గల మనిషి. కట్టింది తనేనని వెంటనే ఒప్పేసుకుంది. ఆ గిన్నె పిల్ల తోబుట్టువులు ఇంట్లో ఉన్నంతకాలం ముడి విడదంది. అవి ముప్ఫై తొమ్మిది అని కూడా ఆవిడే చెప్పింది. మీ ఇంట్లో ఏ బీరువాలో, ఏ అరలో, వేటి కింద ఉన్నాయో కళ్ళు మూసుకుని చెప్పింది అల్లుడూ! ఈ ఇంటి గడప ఏనాడూ తొక్కని మనిషి! నాకు ఒళ్ళు గగుర్పొడిచింది!”

మెఫద్దల్ ఖాళీ అర చేత్తో తడిమి చూశాడు.

“తెచ్చిస్తే నలభయ్యీ కలిపి మర్తీల్ దగ్గర సముద్రంలో పడేస్తానంది, ఇచ్చొచ్చాం,” అంది బతూల్. “పని అవగానే కబురు కూడా పంపింది. మునిగిపోయాయట.”

సముద్రం! ఉప్పునీళ్ళు! ఆ రంగు ఒక్క చుక్క నీటికే ఆగదు. ఎలా వీధిలోకి వచ్చాడో, ఎవరెవరిని గుద్దుకున్నాడో అతనికి తెలియదు. హమ్మాదీ పొయ్యి లోపలినుంచి “పిల్ల పారిపోయిందా సీ మెఫద్దల్?” అని కేకేసినా వినపడలేదు. నీటిలో తేలుతున్న రాజులూ, రంగు కరిగిపోతున్న గుర్రాలూ కళ్ళముందు కదులుతుంటే ఏడుపు ఆపుకుంటూ పరుగెత్తాడు.

షామా తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసుకుని లోపలికి వెళ్ళి, అక్కడే కొయ్యబారిపోయాడు.

బల్ల మీద ఉతికిన తెల్లదుప్పటి పరిచి ఉంది. దాని మీద నాలుగు వరసల్లో నలభై ముక్కలూ ఉన్నాయి. నాణేల వరస పొద్దుటి ఎండలా పచ్చగా ఉంది. గుర్రాలన్నీ ఒకే వైపు నడుస్తున్నాయి. రాజులు తమ కిరీటాలను తామే నమ్మనట్టు పక్కచూపులు చూస్తున్నారు. రెండో వరసలో, పదకొండేళ్ళుగా ఖాళీగా ఉన్న చోట, ఆ పిల్ల గిన్నె పట్టుకుని నిలబడింది. గీతలో ఒక్కచోట మాత్రం తెగు. మెఫద్దల్‌కి కన్నీళ్ళు ఆగలేదు. జీవితంలో ఇంత అందమైనది అతను చూడలేదు, ఇంత దారుణంగా మోసపోయిందీ లేదు.

“కూర్చో నాయనా,” అంది షామా, అతను చేసిచ్చిన కళ్ళద్దాల్లోంచి చూస్తూ. “నువ్వు ఒక్క ముక్క కోసం పదకొండేళ్ళు తిరిగావు. నేను ఒక్క ముక్క ఒళ్ళో పెట్టుకుని ముప్ఫై తొమ్మిది కోసం ఇరవయ్యేళ్ళు కూర్చున్నాను.”

“ఇవి నావి! నా పేక నాకిచ్చెయ్యండి!”

“నీవే. ఎవరు కాదన్నారు? ఇప్పుడే పట్టుకుపో.” ఆమె టీ గ్లాసు అతని వైపు జరిపింది. “కాకపోతే వీటిని సముద్రంలో ముంచానని మీ ఆవిడకి చెప్పాను. మునిగిన పేక, పొడిపొడిగా, మళ్ళీ బీరువాలో కనబడితే ఆవిడ ఏమనుకుంటుందో, మీ అత్తగారు ఏమనుకుంటుందో, నువ్వే ఆలోచించుకో.”

మెఫద్దల్‌కి ఎటునుంచి ఆలోచించినా అత్తగారి కేకే వినపడింది.

“చూడాలనిపించినప్పుడు రా,” అంది షామా జాలిగా. “నాకూ పక్కన కూర్చుని చూసేవాళ్ళు లేరు. ఎవరిని పిలిచినా ముందు జాతకం చెప్పమంటారు. కొట్లో అంతమందికి అద్దాలిస్తావు, నువ్వూ ఒక జత పెట్టుకోకూడదూ?”

పొద్దుగూకే వేళకి అతను ఇంటికి చేరాడు. అత్తగారు వెళ్ళిపోయింది. బతూల్ కోడి తాజీన్ వండి, కళ్ళకు కాటుక పెట్టుకుని, తలుపు తీసింది. మెఫద్దల్ ఆమె ఎదురుగా నిలబడిపోయాడు. మనసులో పేక బెంగ మెలిపెడుతూనే ఉంది. అయినా ఆ రోజు మొదటిసారి ఆమె కళ్ళను నిజంగా చూశాడు. ఆమె ఎడమ కంట్లో నల్లగుడ్డు పక్కన చిన్న తేనెరంగు మచ్చ ఉంది, ఎవరో రంగు పూస్తూ చెయ్యి జారినట్టు.

“ఇది ఎప్పటినుంచి ఉంది?” అన్నాడు ఆశ్చర్యంగా.

“పుట్టినప్పటినుంచి,” అంది బతూల్.

“చాలా బాగుంది.”

ఆమె మొహం తిప్పుకుని తలగుడ్డ చెంగుతో ముక్కు తుడుచుకుంది. “విరిగిపోయింది,” అని తనలో తను అనుకోవడం అతనికి వినపడింది. “దేవుడి దయ, మందు పూర్తిగా విరిగిపోయింది.”

ఆ వార్త మర్నాటి రొట్టెలతో పేటంతా చేరింది. అల్లాల్ మంచం పని ఆపేసి, దేవదారు చెక్క ఇంకెవరికో అమ్ముకున్నాడు. మరుసటి మంగళవారం పొద్దున బతూల్ తనే తెల్ల జెల్లాబా తీసి భర్త చేతికిచ్చింది, నీలం కాగితం చుట్టిన చక్కెర దిమ్మ కూడా ఇచ్చింది. “షామా గారు మన కాపురం నిలబెట్టారు. వెళ్ళి నా మాటగా చెప్పి, ఇచ్చి రండి. కాసేపు కూర్చుని మరీ రండి.”

మెఫద్దల్ గడ్డం గీసుకుని బయల్దేరాడు. పొయ్యి దగ్గర హమ్మాదీ రొట్టెల పార పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

“మళ్ళీ చక్కెరా! విరిగిందన్నారే! ఈసారి ఎవర్ని చూడ్డానికి సీ మెఫద్దల్?”

అబద్ధాలాడి మెఫద్దల్ అప్పటికే చాలా అలిసిపోయి ఉన్నాడు.

“నలభై మందిని,” అని చెప్పి సందు తిరిగాడు.

ఆ మధ్యాహ్నం అయూన్ పేటలో మాడని రొట్టె ఒక్క ఇంట్లోనూ లేదు.